చేతికి తెలియని వేడి

గుడియాత్తం
9-1-1994

మామకు యువరాణి రాసేది.

ఈడ నేను, సుజిత, అత్త బాగుండాము. నువ్వు వేలూరికి పోయి అయిదు వారాలాయ. రాసింది ఒక్క జాబు, అదీ నాలుగు వరుసలు. పెండ్లయిన కొత్తలో పలక పట్టుకోని నీకు తెలుగు అక్షరాలు నేర్పించింది ఈ నాలుగు వరుసలకేనా? తెలుగులో రాసుకుంటే అమ్మకు చదవను రాదు, వీధిలో ఎవరికీ రాదు, మనసులో ఉండేదంతా రాసుకోవచ్చు అని చెప్పింది నువ్వే గదా.

బండి సంగతి చెప్పాల. నువ్వు పోయేటప్పుడు బొట్టు బొట్టుగా కారతా ఉండిన రేడియేటరు ఇప్పుడు ధారగా కారతా ఉండాది. పొద్దున రెండు బిందెలు పోస్తే మధ్యాన్నానికి బండి కింద మడుగు. దాంట్లో సుజిత కాగితం పడవలు వదులుతా ఉండాది. బస్టాండు కాడ మెకానిక్కును పిలిస్తే, బండిని తాడు కట్టి లాక్కోని రాండి, వరుసలో పెడతాను, ఎన్ని దినాలైతాదో చెప్పలేను అన్నాడు.

షావుకారు రెండు మాట్లు మనిషిని పంపినాడు. ఇరవై మగ్గాల లుంగీ కట్టలు వేలూరికి చేరాల, ఆడనించి నూలు రావాల. పంగుని నెల, అంటే మార్చి నడుమ దాకా మీకోసం చూస్తాను, ఆ తరువాత వేరే వ్యాను పెట్టుకుంటాను అన్నాడు. ఆ బండి పోతే మనకు మగ్గం గుంత ఒక్కటే గతి. మగ్గమంటే నాకు చేదు కాదు. తొమ్మిదేండ్లప్పటినించి దాంట్లోనే ఉండాను. కానీ ఊర్లో పవర్లూములు వచ్చి చేతిమగ్గాలు ఒకటొకటే నిలిచిపోతా ఉండాయి, నీకు తెలియంది కాదు.

నువ్వు మద్రాసునించి తెచ్చిన పాత రేడియేటరు గోనెసంచిలో అట్లే ఉండాది. ఒక ఆదివారం వచ్చి మార్చిపోరాదా? లేదంటే ఎట్ల మార్చాలో రాయి. నేనే మారుస్తాను. నవ్వొద్దు.

యువరాణి

•

వేలూరు
17-1-1994

యువరాణికి లోగనాథన్ రాసేది.

నేను బాగుండాను. ఈడ తొరపాడి తట్టు యాడ చూసినా కట్టడాలే. నిన్న మొన్న వరి కోసిన చేన్లలో నాలుగంతస్తులు లేస్తా ఉండాయి. మా మేస్త్రీ నన్ను స్టోరు చూసుకొమ్మన్నాడు. సిమెంటు మూటలు లెక్కపెట్టేది, తాళం వేసేది. కష్టమేమీ లేదు. జాబులు మాత్రం గోపాలస్వామి టీ అంగడి చిరునామాకే రాయి. పని కాడికి వస్తే పోతాయి.

ఆదివారాలు గూడా పని ఉంటాది. రాలేను.

బండిని అమ్మేయ్. పాత ఇనుము కొనేవాళ్ళకు చెప్పు, వాళ్ళే వచ్చి లాక్కోని పోతారు. గోనెసంచిలో ఉండేది గూడా దాంతోనే ఇచ్చేయ్. ఇరవై ఏండ్ల బండి, ఎన్ని దినాలని దానికి నీళ్ళు పోస్తావు. నువ్వు మాత్రం దాని మీద చెయ్యి పెట్టొద్దు. అది ఆడవాళ్ళ పని కాదు.

సుజితకు ముద్దులు. అమ్మను అడిగినానని చెప్పు.

లోగనాథన్

•

గుడియాత్తం
26-1-1994

మామకు,

నీ జాబు రెండు తూర్లు చదివినాను. ఇది నువ్వు రాసిందేనా? బండి హారను కొద్దిగా గొంతు మారితే భోజనం ముందర లేచిపోయేవాడివి. ఇప్పుడు ఇనుముకిచ్చేయ్ అంటావా? కోపమొచ్చింది. ఆ కోపంతోనే బానెట్టు తెరిచినాను.

ఇన్నేండ్లు నీ పక్కన కూర్చోని ఆ బండిలో తిరిగినాను గానీ దాని లోపల ఏముండాదో ఏనాడూ సరిగా చూడలేదు. రేడియేటరు ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాను. సన్నసన్నని రేకులు, వెంట్రుకంత సందుతో ఒకదాని పక్కన ఒకటి, పైనించి కిందిదాకా వేలకు వేలు. మన మగ్గంలో పన్నె ఉండాదే, దాంట్లో పండ్ల సందునే గదా పడుగు పోగులు పోతాయి. దానికంటే దగ్గిరగా ఉండాయి ఇవి. ఈ పన్నెలో పోగుల బదులు గాలి పోతాది, నీళ్ళు పోతాయి, అంతే. ఎవరు చేసినారో మామా ఇది! ఏ చెయ్యి ఇంత ఓపికగా పేర్చిందో! పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా నేను ఆడనే ఉండాను.

అప్పుడే అనుకున్నాను, దీన్ని తీయగలిగితే నేనే తీయాల, సన్నపోగుల పని తెలిసిన చెయ్యి కావాల అని.

మెకానిక్కు ఈ పక్క వచ్చినప్పుడు నేను బానెట్టు తెరుచుకోని ఉండేది చూసి నవ్వినాడు. నేను ఊరుకుంటానా? మా మామ ఎట్లాంటి మనిషో నీకు తెలుసునా అని పోయిన చిత్తిర ఎండల్లో జరిగిందంతా చెప్పినాను. ఆలంగాయం నించి వస్తా ఉంటే బండి కుతకుతా ఉడికిపోయింది గదా. నువ్వు దిగి గుడ్డ గూడా లేకుండా మూత తిప్పినావు. మరిగే నీళ్ళు ఎగజిమ్మి మణికట్టు దాకా పడినాయి. ఉడికిన సెనక్కాయ పొట్టు మాదిరి చర్మం లేచింది. నేనూ బిడ్డా అరిచినాము. నువ్వు చెయ్యి చూసుకోని, "ఏమీ లేదు, పద" అని మళ్ళీ స్టీరింగు పట్టినావు. ఊరు చేరేదాకా ఒక్క మూలుగు లేదు. అంత ఓర్పు నేను ఏ మనిషిలోనూ చూడలేదు మామా. వీధికొళాయి కాడ ఆడవాళ్ళకు ఎన్ని తూర్లు చెప్పినానో.

అట్లాంటి మనిషి బండిని నేను ఇనుముకియ్యను. ముందర ఏది విప్పాల, తరువాత ఏది, వరుసగా రాయి.

యువరాణి

•

వేలూరు
4-2-1994

యువరాణీ,

ఈ జాబు రాసేదానికి నాలుగు దినాలు పట్టింది. రెండు తూర్లు చింపేసినాను. అమ్మ దగ్గిర లేనప్పుడు చదువు.

నువ్వు కొళాయి కాడ నా ఓర్పు గురించి చెప్పుకుంటా ఉండావని చదివినాక ఇంక దాచలేకపోయినాను. అది ఓర్పు కాదు. ఆ దినం నాకు నొప్పి తెలిసి ఓర్చుకోలేదు, నొప్పే తెలియలేదు. నువ్వు అరిచినావే, ఆ అరుపు విని చేతి తట్టు చూసినాను. చర్మం లేచి ఉండాది. వేరే ఎవరిదో చెయ్యి చూసినట్లుండింది నాకు. భయమేసింది. ఏమీ లేదు పద అన్నది అందుకే.

పుండు మానకపోతే వేలూరు దగ్గిర ఒక ఆస్పత్రికి పోయినాను. డాక్టరు నా చెయ్యి బల్ల మీద పెట్టించి, "కండ్లు మూసుకోప్పా. ఈకతో తాకుతాను, తగిలినప్పుడంతా చెప్పు" అన్నాడు. నేను మూసుకోని కాచుకున్నాను. ఎంతసేపైనా ఏమీ లేదు. "ఇంకా మొదలుపెట్టలేదా సార్?" అని అడిగినాను. కండ్లు తెరిస్తే ఆయన ఈక కింద పెడతా ఉండాడు. "అయిపోయిందప్పా" అన్నాడు.

పెద్దరోగం. కుష్ఠు. ఇదో, రాసేసినాను. ఎనిమిది నెలలుగా నోటితో చెప్పలేనిది.

ఒంటివేడికి అని నీకు చెప్పి మింగిన మాత్రలు దీనికే. అవి మొదలుపెట్టినాక నానించి ఎవరికీ అంటుకోదని, కండిప్పుగా, అనుమానమే లేకుండా నయమైపోతాదని డాక్టరు చెప్పినాడు. నీకూ బిడ్డకూ అమ్మకూ ఒకతూరి పరీక్ష చేయించాలని గూడా చెప్పినాడు. ఆ రెండో మాట నీకు ఎట్ల చెప్పాలో తెలియక మొదటిదీ దాచిపెట్టినాను. ఇది నేను చేసిన తప్పు. నువ్వు ఏమి తిట్టినా పడతాను.

మేస్త్రీ లేడు, స్టోరూ లేదు. ఈ ఆస్పత్రిలోనే ఉండాను. రోగం పోతా ఉండాది గానీ కుడిచెయ్యి పాడైంది. చివరి రెండు వేళ్ళు ముడుచుకోని పోయినాయి, బొటనవేలు ఈ పక్కకు రాదు. స్పానరు పట్టుకుంటే జారిపోతాది. బండిని అమ్మేయమన్నది అందుకే. ఇంక దాన్ని విప్పలేని వాడికి ఏమిటికది. వచ్చే బుధవారం చేతికి ఆపరేషను చేస్తారు. తరువాత మూడు వారాలు కట్టు. రాయలేను.

ఇదంతా చదివినాక బండి మీద నీకింకా మనసుంటే, ఇట్ల చెయ్యి.

ఇంజను నడిపి ఉంటే ఆ దినం ముట్టుకోవద్దు. పొద్దున్నే, అంతా చల్లగా ఉండేటప్పుడు మొదలుపెట్టు. ముందర బ్యాటరీ వైరు ఒకటి పీకేయ్. రేడియేటరు అడుగున చిన్న కొళాయి ఉండాది, దాని కింద బేసిను పెట్టి తిప్పు, పైన మూత తీయి, నీళ్ళన్నీ పోతాయి. పైన ఒక రబ్బరు గొట్టం, కింద ఒకటి. క్లిప్పులు వదులు చేసి మెల్లగా తిప్పి లాగు. రాకపోతే కత్తితో పొడవద్దు, వేడినీళ్ళ గుడ్డ చుట్టు, మెత్తబడతాది. తరువాత పక్కన రెండేసి బోల్టులు. అవి తీసినాక రేడియేటరును నిలువుగా పైకెత్తు. వెనక ఫ్యాను ఉండాది, రేకులు దానికి రాసుకోకూడదు, మధ్యలో అట్టముక్క పెట్టుకో. కొత్తది బిగించేదానికి ఇదే వెనకనించి ముందరికి.

మూత మాత్రం వేడిగా ఉన్నప్పుడు తీయొద్దు. నీ చేతికి వేడి తెలుస్తాది యువరాణీ. ఆ చెయ్యిని భద్రంగా చూసుకో.

లోగనాథన్

•

వేలూరు
26-2-1994

నా చెల్లెలి మాదిరి తంగచ్చి యువరాణికి,

ఇది రాస్తా ఉండేది గోపాలస్వామి, టీ అంగడి ఆయన. చిత్తూరు జిల్లా మాది, అందుకని తెలుగు వచ్చును. నీ జాబులు ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో లోగనాథన్‌కు తెచ్చిచ్చింది నేనే. ఆయప్ప చెప్తా ఉంటే రాస్తా ఉండాను.

"యువరాణీ, ఆపరేషను అయింది. చెయ్యి కట్టులో ఉండాది. ఏమి చేసినారో డాక్టరు పలక మీద బొమ్మ గీసి చూపించినాడు. బొటనవేలును లాగే నరం చచ్చిపోయిందంట. ఉంగరం వేలిని లాగే తాళ్ళు రెండుండాయి, ఒకటి ఉంటే చాలు దానికి. ఆ రెండోదాన్ని తెచ్చి చర్మం కిందనే తోవ చేసి బొటనవేలికి కట్టినారు. నా చేతిలోదే తీసి నా చేతికే! వింటా ఉంటే నోరు తెరుచుకోని ఉండిపోయినాను. పని చేస్తాదా లేదా అనేది కట్టు విప్పినాక గానీ తెలియదు. నీనించి జాబు రాలేదు. సరే. రాయాలని ఏమీ లేదు. సుజితకు పరీక్ష చేయించు, అది మాత్రం మరవొద్దు."

ఆయప్ప చెప్పింది అంతే. ఇంక నా మాట. తంగచ్చీ, నాకూ ఇదే జబ్బు వచ్చి పోయి పదకొండేండ్లాయ. నా టీ అంగడిలో దినానికి నూరు మంది తాగుతారు. నీ భర్త దినమూ జాబులొచ్చే వేళకు వార్డు మెట్ల మీద కూర్చుంటాడు. నేను ఖాళీ చేతులతో పోతా ఉంటే దూరంనించే చూసి, "ఈ దినం టీ బాగుండాదా అన్నా?" అని వేరే మాట ఎత్తుకుంటాడు. నాకు చూడను కాలేదు. ఏదో ఒకటి రాయమ్మా. తిట్టి అయినా రాయి.

గోపాలస్వామి

•

గుడియాత్తం
8-3-1994

మామకు,

నెల దినాలు రాయనందుకు నన్ను క్షమించు అని అడగను. నువ్వు ఎనిమిది నెలలు దాచినావు, నేను ఒక నెల దాచినాను.

ఏమి జరిగిందో ఉన్నదున్నట్లు రాస్తాను. నీ జాబు చదివినాక నీ దుప్పటి, చొక్కాలు మరిగే నీళ్ళలో వేసినాను. నువ్వు తాగే లోటా విడిగా పెట్టినాను. సుజిత దాంట్లో నీళ్ళు తాగబోతే చేతిమీద కొట్టినాను. బిడ్డ బిత్తరపోయి చూసింది. ఆ రెండు దినాలు నేను ఎట్లాంటి మనిషినో నాకే తెలిసింది. ఇది నీకు చెప్పకుండా ఉంటే మళ్ళీ దాచినట్లే గదా, అందుకని రాస్తా ఉండాను.

మూడో దినం అత్తకు చెప్పేసినాను. ఏడుస్తాదనుకున్నాను. ఆయమ్మ మగ్గం ఆపి, "నడువు, పరీక్షకు పోదాము" అనింది. ముగ్గురం సర్కారు ఆస్పత్రికి పోయినాము. ఆడ ఉండే నర్సమ్మ మా వీపులు, చేతులు, చెవులు అన్నీ చూసింది. కండ్లు మూయించి దూదితో తాకింది. దూది తగిలినప్పుడంతా సుజిత కిచకిచా నవ్వింది. మామా, బిడ్డ నవ్వితే నేను ఏడ్చినాను. ఎవరికీ ఏమీ లేదు. ఆరు నెలలకొకతూరి వచ్చి చూపించుకోండి చాలు అనింది. మాత్రలు మింగినవాళ్ళతో కలిసి తినొచ్చునా అని అత్త అడిగితే, "మా ఇంట్లో నా తమ్ముడికే వచ్చి పోయిందమ్మా, ఒకే కంచంలో తింటాము" అనింది ఆ నర్సమ్మ.

ఇంటికొచ్చి ఆ లోటాలో అత్త కాఫీ పోసుకోని తాగింది. నాకు చూపించే తాగింది. నేను తలొంచుకున్నాను.

మరుసటి పొద్దున నీ జాబును స్టీరింగు మీద పరిచి, దాని మీద మగ్గంలో పోగు తోసే నాడెను బరువు పెట్టి, పని మొదలుపెట్టినాను.

కింద కొళాయి తిప్పితే తుప్పునీళ్ళు, టీ డికాషను మాదిరి. పైగొట్టం ఊడొచ్చింది. కిందిది రానంటే రాలేదు. వేడినీళ్ళ గుడ్డ చుట్టి, చుట్టి, మూడోతూరికి వదిలింది. బోల్టుల్లో మూడు వచ్చినాయి, నాలుగోది తుప్పుతో అతుక్కుపోయింది. దానికి కిరసనాయిలు పోసి ఒక పగలంతా వదిలిపెట్టినాను. తరువాత అత్త స్పానరు పట్టుకుంటే నేను సుత్తితో తట్టినాను. కదిలినప్పుడు కిర్రుమని ఒక సద్దు వచ్చింది. అత్త, "బిడ్డ పుట్టినట్లుండాదే!" అనింది.

పైకెత్తితే అడుగున నీళ్ళు నిలిచే తొట్టి అతుకు చేతిలోనే విడిపోయింది. ఇన్నాళ్ళు అది నీళ్ళు ఎట్ల పట్టుకోనిందో!

గోనెసంచిలోది తీసి చూస్తే రేకులు సగం వంగిపోయి ఉండాయి. గాలి పోయే సందే లేదు. నాకు అప్పుడు మాత్రం సంతోషం వేసింది, ఇది నా పని గదా అని. పోగు లాగే కొక్కెం తెచ్చుకోని, ఒక్కొక్క రేకునే ఎత్తి నిలబెట్టినాను. నాలుగు దినాలు, మగ్గం దిగినాక సందెపొద్దు దాకా. ఒక్కదానికీ బొక్క పడలేదు. బోల్టు రంధ్రాల్లో రెండు కొద్దిగా పక్కకు ఉండాయి. రంధ్రాలుండే ఇనుప పట్టీని ఆకురాయితో అరగదీసినాను. కిందిగొట్టం కొస పగిలి ఉంటే ఆ పగులు దాకా కోసేసి తొడిగినాను, అయినా అందింది.

పోయిన ఆదివారం నా తమ్ముడు వేలు అణైకట్ నించి వచ్చినాడు. వాడు ట్రాక్టరు తోలేవాడు గదా, బండి తోలే పని వాడిదే. చూసి, "ఇది నువ్వు పెట్టిందా అక్కా?" అన్నాడు. నీళ్ళు పోసినాము. నువ్వు రాయలేదు గానీ వాడికి తెలుసు, మూత తీసే పెట్టి ఇంజను నడపాలంట, లోపలి గాలి పోవాలంట. స్టార్టు చేసినాడు. నీళ్ళలో బుడగలు లేచినాయి. నీళ్ళు తగ్గినాయి, మళ్ళీ పోసినాను, మళ్ళీ బుడగలు. ఉన్నట్టుండి బుడగలు నిలిచిపోయి నీళ్ళు ఒక పక్కనించి ఇంకో పక్కకు పారను మొదలుపెట్టినాయి. పైనించి చూస్తే చిన్న ఏరు పోతా ఉన్నట్లుండాది.

చెయ్యి పైతొట్టి మీద పెట్టినాను. పెట్టలేనంత వేడి, తీసేసినాను. కిందితొట్టి మీద పెట్టినాను. గోరువెచ్చన! మామా, మధ్యలో ఉండేది నా చేతికి మూడు జానలు. అంతలో ఆ నిప్పంతా యాడ పోయింది? ఆ రేకుల సందున, సద్దు లేకుండా, మా ముఖాల మీదనే గాలిలో కలిసిపోతా ఉండాది. లోపల మంట మండుతానే ఉండాది, బండి కాలిపోకుండా నిలబడతా ఉండాది. అత్త రెండు చేతులూ జోడించింది. వేరే దినమైతే ఆయమ్మను చూసి నవ్వేదాన్ని, ఆ దినం నవ్వలేదు.

ఒక్క చుక్క కారలేదు. వేలు ఊరంతా ఒక చుట్టు తిప్పుకోని వచ్చినాడు. మెకానిక్కు అంగడి ముందర రెండు తూర్లు తిప్పినాడంట.

నీ కట్టు విప్పినారా?

యువరాణి

•

వేలూరు
22-3-1994

యువరాణీ,

ఇది గూడా గోపాలస్వామి అన్న చేతనే రాయిస్తా ఉండాను. నా చెయ్యి ఇంకా పెన్ను దాకా రాలేదు.

నీ జాబు వార్డంతా చదివించుకున్నారు. లోటా సంగతి ఉండే కాగితం మాత్రం నేను జోబిలో పెట్టుకున్నాను. అది నాకు రాసింది. దాని గురించి నేను అడగను, నువ్వు ఇంకెప్పుడూ చెప్పొద్దు. అయిపోయింది.

అమ్మ చేత స్పానరు పట్టించినావా! నాలుగో బోల్టును నేను రెండేండ్ల కింద తీయలేక వదిలేసినాను. ఆ మాట నీకు రాయను మరిచిపోయినాను.

నా సంగతి విను. కట్టు విప్పినారు. చెయ్యి ఎండిన చెట్టు కొమ్మ మాదిరి ఉండాది. వ్యాయామం చేయించే అమ్మాయి ఒకటుండాది, నీ వయసే ఉంటాది. "బొటనవేలు కదిలించండి" అనింది. మనసులో ఎంత లాగినా రాలేదు. అయిపోయింది, వృథా అనుకున్నాను. ఆ అమ్మాయి నవ్వి, "బొటనవేలును మరిచిపోండి. ఉంగరం వేలిని వంచాలని తలుచుకోండి" అనింది.

నేను ఉంగరం వేలిని తలుచుకున్నాను. బొటనవేలు కదిలింది.

నేను భయపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాను యువరాణీ. దెయ్యం పట్టినట్లుండింది. "మళ్ళీ" అనింది. మళ్ళీ ఉంగరం వేలు అని తలుచుకుంటే, బొటనవేలు అరచేతిని దాటి ఈ పక్కకు వచ్చి చిటికెనవేలి మొదలును తాకింది. ఏడాదినించి రాని చోటికి వచ్చింది. పక్క మంచాల వాళ్ళందరూ లేచొచ్చినారు. ఒకాయన, "ఇంకోతూరి చేయప్పా, నేను చూడలేదు" అన్నాడు. ఎన్ని తూర్లు చేసినానో! ఒకరు పోతే ఒకరు వస్తారు. ఇంకో నెల పోతే తలుచుకోకుండానే వస్తాదంట, మనసే దారి మార్చుకుంటాదంట. దినమంతా గోళీలు ఏరి డబ్బాలో వేస్తా ఉండాను.

స్పర్శ మాత్రం రాదు. అది పోయింది పోయిందే. వేడిగా ఉండేదేదైనా ముట్టుకునే ముందర కంటితో చూసుకోవాల, గుడ్డ పట్టుకోవాల. ఇది నేర్చుకుంటా ఉండాను.

ఇంకో మాట. ఈడ ఆడవాళ్ళ వార్డులో పచ్చయమ్మ అని ఉండాది, యాభై అయిదేండ్లుంటాయి. జబ్బు నయమై తొమ్మిదేండ్లాయ. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పొమ్మనే చెప్తా ఉండారు. ఆయమ్మ పోదు. వంటింట్లో కూరలు తరుగుతా ఈడనే ఉండిపోయింది. ఏమిటికి పోవు పెద్దమ్మా అని అడిగితే, "బస్సులో ఒకతూరి పోయినాను నాయనా. నా వేళ్ళు చూసి కండక్టరు చింతతోపు కాడ దించేసినాడు. ఇంకోతూరి దిగలేను" అనింది. ఆయమ్మ ఊరు అణైకట్ దాటినాక ఒక పల్లె. చెల్లెలు ఉండాదంట.

ఊరికే చెప్పినాను. నువ్వు ఏమీ అనుకోవద్దు.

లోగనాథన్

•

గుడియాత్తం
18-4-1994

మామకు,

నిన్న బండిలో ఆస్పత్రికి వచ్చినప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తా ఉండాను. తమ్ముడు వేలు బండి నిలిపినాడు, నువ్వు మెట్లు దిగి వస్తా ఉండావు, పంచె కొస ఆ చేత్తోనే పట్టుకోని ఉండావు. ఏమేమో చెప్పాలని తోవ పొడుగునా అనుకున్నాను. వార్డు జనమంతా నిలబడి చూస్తా ఉంటే, "సన్నబడినావే" అని మాత్రం వచ్చింది. సుజితే నయం, పోయి నీ వేళ్ళన్నీ పట్టుకోని, ఏ వేలు తలుచుకుంటే ఏ వేలు కదులుతాదో చూపించమని పీడించింది. నువ్వు బానెట్టు తెరిచి, ఆ రేకుల మీదికి వంగి ఒక్కొక్క వరుసే చూసుకుంటా పోయినావు. నాకు అది చాలు.

నువ్వు ఇంకా మూడు వారాలు ఉండాలన్నారు గదా. ఉండు. పూర్తిగా చేసుకోనే రా. షావుకారు కట్టలు వేలు తోలతా ఉండాడు.

ఇంక పచ్చయమ్మ పెద్దమ్మ సంగతి. ఆయమ్మను ఊర్లో దించేదానికి ఎక్కించుకోని మేము బయలుదేరినాక ఏమైందో నీకు తెలియదు, అందుకే ఈ దినమే రాస్తా ఉండాను.

ముందర సీట్లో కూర్చోమంటే ఆయమ్మ ఒప్పుకోలేదు. వెనక గోనెసంచుల మీద కూర్చుంటాను అనింది. నేను ఆయమ్మ మూట లాక్కోని సీటు మీద పెట్టినాను, ఆయమ్మ మూట వెంట వచ్చి కూర్చునింది. సుజిత మా ఇద్దరి మధ్యలో. తోవంతా మాట్లాడతానే ఉండాది. ఈ మామిడితోపు అప్పుడు లేదు, ఈ ఇండ్లు లేవు, అదో ఆ ఇండ్ల మీద పళ్ళెం మాదిరి ఉండేదేంది అని అడిగింది. టీవీకి పెట్టింది పెద్దమ్మా అని వేలు చెప్పినాడు. అణైకట్ దాటినాక మాటలు తగ్గినాయి. పల్లె కనిపించేసరికి నా చెయ్యి పట్టుకోని, "ఈడనే దించేయమ్మా. నడిచిపోతాను. బండి ఇంటి కాడ నిలిస్తే నలుగురూ చూస్తారు, సెల్లమ్మకు తలవంపు" అనింది.

వేలు నా తట్టు చూసినాడు. "ఇంటి కాడికే పోనీరా" అన్నాను. తప్పు చేస్తా ఉండానేమో అనుకున్నాను. కానీ పోనిచ్చినాము.

సెల్లమ్మ అంటే ఆయమ్మ చెల్లెలే. అరుగు మీద కూర్చోని చేటలో కందులు చెరుగుతా ఉండాది. తల నెరిసిపోయింది. బండి సద్దుకు తలెత్తింది. పెద్దమ్మ దిగి, రెండు చేతులూ కొంగులో దాచుకోని, బండి కాడనే నిలబడిపోయింది. వీధిలో ఇద్దరు ముగ్గురు వాకిళ్ళలోకి వచ్చినారు.

సెల్లమ్మ చేట కింద పెట్టింది. లేచొచ్చింది. అక్క ముఖం చూసింది, కొంగు తట్టు చూసింది. ఏడుస్తాదనుకున్నాను. అరుస్తాదేమోనని గూడా అనుకున్నాను.

"పొద్దున్నించి కడుపులో ఏమైనా పడిందా?" అని అడిగింది.

సంతకు పోయి ఆలస్యంగా వచ్చినదాన్ని అడిగినట్లు! పెద్దమ్మ లేదన్నట్లు తల ఊపింది. సెల్లమ్మ ఆ కొంగులోకి చెయ్యి పెట్టి, దాచుకున్న చేతిని బయటికి తీసి, అందరూ చూస్తా ఉండంగనే పట్టుకోని లోపలికి తీసుకోనిపోయింది. వాకిలి తెరిచే ఉండాది. లోపల పొయ్యి కాడ ఇద్దరూ కూర్చున్నారు. సెల్లమ్మ ఒకే పళ్ళెంలో సంగటి పెట్టి, పప్పు పోసి, ముద్ద చేసి అక్క నోటికి అందించింది. తరువాత అదే చేత్తో తానొక ముద్ద తినింది. మళ్ళీ అక్కకు.

నేనూ వేలూ బిడ్డా వాకిట్లో అట్లే నిలబడి ఉండిపోయినాము మామా. ఎవరూ మమ్మల్ని కూర్చోమనలేదు. మాకూ కూర్చోవాలని తోచలేదు.

యువరాణి